ఊరి పేరు ఉంచుకుని ఊరిని వదిలేసిన రేడియో

కోపం ఇంకా చల్లారలేదు. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

తెల్లవారకముందే మొదలైంది వాన. కరెంటు పోయింది. ఫోనులో సిగ్నల్ వచ్చినట్టే వచ్చి పోతోంది. ఇలాంటప్పుడు పనికొచ్చేది ఇదొక్కటే కదా అని బ్యాటరీ రేడియో తీసి, ఊరి పేరును తన పేరులోనే పెట్టుకున్న మా స్థానిక కేంద్రం పెట్టాను. నాకు తెలియాల్సినవి పెద్ద విషయాలేమీ కావు. వంతెన మీద నీళ్లు పారుతున్నాయా, బస్సులు తిరుగుతున్నాయా, బడులకు సెలవు ఇచ్చారా, కరెంటు ఎప్పటికి వస్తుంది. అంతే. కానీ వినిపించింది ఒక హుషారైన గొంతు. "ఎంత చక్కటి ఉదయమో చూశారా! అలా బయటికి వెళ్లి కాసేపు ఎండలో నడిచి రండి!" ఆ వెంటనే ఒక పాట. పాట అయ్యాక పరుపుల ప్రకటన. ప్రకటన అయ్యాక మళ్లీ అదే గొంతు, అదే ఎండ.

ఫోను కాస్త కుదురుకోగానే కేంద్రానికి చేశాను. ప్రకటనలు ఇవ్వాలంటే ఒకటి నొక్కమంది ఒక యంత్రపు గొంతు. బహుమతి గెలుచుకున్నవారు రెండు నొక్కాలట. మనిషితో మాట్లాడాలంటే ఏ అంకె నొక్కాలో చెప్పకుండానే అది మళ్లీ మొదటికి వచ్చింది.

ఆ గొంతు మా ఊరిది కాదని మీలో చాలామందికి ముందే తెలుసు, ఎందుకంటే మీ ఊళ్లో వినిపిస్తున్నదీ అలాంటి గొంతే. ఎక్కడో దూరపు నగరంలో ఒక గదిలో కూర్చుని, నాలుగు గంటల కార్యక్రమానికి కావాల్సిన మాటలన్నీ కాసేపట్లో రికార్డు చేసేస్తారు. పాటకూ పాటకూ మధ్య ఆ ముక్కలను కంప్యూటర్ ఇరికిస్తుంది. ఊరి పేరు పలికే చోట ఒక్కో ఊరికి ఒక్కో ముక్క. ఒకే మనిషి అదే ఉదయం పది ఊళ్లకు "మన ఊరు" అని చెప్పగలడు. ఇది రహస్యమేమీ కాదు, ఆ పరిశ్రమలో మామూలు పద్ధతి. నాకు ఒళ్లు మండేది అందుకే. తప్పు అనిపించుకోవడం కూడా మానేసిన తప్పు ఇది. వాన సంగతి తెలియాలంటే మాట్లాడే మనిషి కూడా తడవాలి. కనీసం తల తిప్పి చూస్తే కనిపించే కిటికీ అయినా అతని పక్కన ఉండాలి. ఈ మాత్రం అడగడం అత్యాశ ఎలా అవుతుంది?

నేను రేడియో వినేది పాటల కోసం కాదు. పాటలు కావాలంటే ఫోనులో కావలసినన్ని ఉన్నాయి, నాకు నచ్చిన వరుసలో వస్తాయి, మధ్యలో పరుపులు అమ్మరు. నేను వినేది పాటల మధ్య మాట కోసం. పొద్దున లేవగానే సన్నగా పెట్టుకుంటాను, పని చేసుకుంటూ ఉంటాను, చెవి ఒకటి అటు పారేసి ఉంచుతాను. ఫలానా వీధిలో పైపు పగిలింది, ఫలానా గ్రంథాలయం ఈ వారం మూసి ఉంటుంది, ఎవరిదో కుక్కపిల్ల తప్పిపోయింది. వీటిలో సగం నాకు అవసరం లేనివే. అయినా అవన్నీ వింటుంటేనే నేను ఎక్కడ బతుకుతున్నానో నాకు తెలుస్తుంది. రాత్రి పడుకునే ముందు మీడియం వేవ్ తిప్పడం ఇంకో అలవాటు. చీకటి పడ్డాక ఆ తరంగాలు ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి తిరిగి వస్తాయి కాబట్టి వందల కిలోమీటర్ల దూరపు కేంద్రాలు గరగరల మధ్య నుంచి తేలుతాయి. అది దూరాన్ని వినే సరదా. ఎఫ్‌ఎం అలా కాదు. అది దాదాపు చూపు సాగినంత దూరమే పోతుంది. కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. దాని స్వభావమే ఊరికి సరిపోయేది. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యలో ఒక ఊరికి దొరికే చోట్లు కొన్నే. అందులో ఒకటి చేతికి వచ్చిందంటే అది ఆ ఊరి సొత్తు. ఆ సొత్తును పట్టుకుని దూరపు నగరంలో తయారైన సరుకును మన మీద కుమ్మరిస్తున్నారు.

"అయితే యాప్‌లో విను" అనేవాళ్లు ఈ పోస్టు కింద కూడా వస్తారు, ముందే చెబుతున్నాను. యాప్‌కు నెట్ కావాలి. ఈ పొద్దున నెట్ ఎక్కడుంది? కరెంటు పోయాక సెల్ టవర్ బ్యాటరీలు గంటల లెక్కన నిలుస్తాయి. ఆ నిలిచిన కాసేపూ ఊరంతా ఒకేసారి ఫోను పట్టుకుంటే దారి మూసుకుపోతుంది. రేడియోకు ఆ ఇబ్బంది లేదు. ఒకరు విన్నా లక్ష మంది విన్నా ట్రాన్స్‌మిటర్ మీద పడే బరువు ఒకటే. ఒక జనరేటర్, ఒక మైకు, దాని ముందు ఒక మనిషి ఉంటే చాలు. మొదటి రెండూ ఉంచి మూడోదాన్ని తీసేశారు. ఇంకో సంగతి. చాలా ఫోన్ల చిప్‌లో ఎఫ్‌ఎం అందుకునే ఏర్పాటు ఉంటుంది. ఇయర్‌ఫోన్ తీగే దానికి యాంటెన్నా. తయారీదారులు చాలామంది దాన్ని పని చేయనివ్వరు, ఇప్పుడు తీగ గుచ్చే రంధ్రమే తీసేస్తున్నారు. మన చేతిలోని వస్తువులో ఉన్న రేడియోను మనకే అందకుండా చేసి, రేడియో ఎవరూ వినడం లేదని లెక్కలు చూపిస్తారు.

ఇది ఒక్క ఊరి గోడు కాదు. అమెరికాలో 1996 దాకా ఒక సంస్థ దేశం మొత్తం మీద నలభై కేంద్రాలకు మించి పెట్టుకోకూడదు. ఆ ఏడాది వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ హద్దు ఎత్తేసింది. కొన్నేళ్లు తిరిగేసరికి క్లియర్ చానెల్ అనే ఒక్క సంస్థ చేతిలో పన్నెండు వందలకు పైగా కేంద్రాలు ఉన్నాయి. దాని ఫలితం ఏమిటో మైనాట్ పట్టణానికి తెలుసు. ఉత్తర డకోటాలోని ఆ చిన్న ఊరు నా బుర్రలోంచి పోదు. 2002 జనవరి 18, అర్ధరాత్రి దాటింది, గడ్డకట్టే చలి. ఊరి అంచున గూడ్సు రైలు పట్టాలు తప్పింది. ట్యాంకర్లు పగిలి అమ్మోనియా మేఘంలా ఇళ్ల మీదికి వచ్చింది. జనం రేడియో పెట్టారు. వచ్చింది మామూలు కార్యక్రమమే. ఊళ్లోని ఆరు వాణిజ్య కేంద్రాలూ ఆ ఒక్క సంస్థవే. పోలీసులు ఫోను చేస్తే ఎత్తినవాళ్లు లేరని అప్పట్లో పెద్ద గొడవ అయింది. ఒకరు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. తమ మనిషి కేంద్రంలోనే ఉన్నాడనీ, పోలీసుల హెచ్చరిక యంత్రమే సరిగా అమర్చుకోలేదనీ సంస్థ వాదించింది. ఆ వాదన నిజమే అనుకుందాం. ఆరు కేంద్రాలు ఆరుగురివై, ఆరు చోట్లా ఆ ఊరి మనుషులే ఉండి ఉంటే పోలీసులు ఆ ఒక్క యంత్రాన్ని నమ్ముకోవలసి వచ్చేదా? ఎవరో ఒకరు కిటికీ తెరిచి, ముక్కు మూసుకుని, పరుగున మైకు దగ్గరికి వచ్చేవారు కదా!

మనుషులుంటే ఏమవుతుందో కూడా చెబుతాను. 2005 ఆగస్టులో కత్రీనా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచేసినప్పుడు, అంతకుముందు రోజు వరకు శ్రోతల కోసం కొట్టుకున్న పోటీ కేంద్రాలు ఒక్కటై ఒకే ప్రసారం నడిపాయి. ఇళ్ల పైకప్పుల మీద చిక్కుకున్నవాళ్లు ఫోను చేసి తామెక్కడున్నారో ప్రసారంలోనే చెప్పుకున్నారు. అందులో క్లియర్ చానెల్ వాళ్లూ ఉన్నారు. అంటే వాళ్లకు చేతకాక కాదు. మామూలు రోజుల్లో మనిషికి జీతం ఇవ్వడం దండగ అనుకున్నారు, అంతే.

బ్రిటన్‌లో బీబీసీ మొదటి స్థానిక కేంద్రాన్ని 1967 నవంబరులో లెస్టర్‌లో పెట్టింది. ఇంగ్లండ్‌లో అలాంటివి ముప్పై తొమ్మిది అయ్యాయి. 2023లో వాటి మీద కత్తి పడింది. వారపు రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటితే చాలావరకు పక్క కేంద్రాలతో కలిసి పంచుకునే కార్యక్రమాలే. విలేకరులు సమ్మె చేసినా వినలేదు. వాణిజ్య కేంద్రాలైతే ఇంకా ముందే చేతులెత్తేశాయి. నియంత్రణ సంస్థ 2018లో స్థానిక కార్యక్రమాల గంటలు తగ్గించుకోవచ్చని అనడమే ఆలస్యం, మరుసటి ఏడే పెద్ద పెద్ద పేర్లున్న కేంద్రాలు ఉదయం కార్యక్రమాన్ని లండన్‌కు తీసుకుపోయాయి. ఉదయం కార్యక్రమం! రోజు మొత్తంలో మనిషికి తన ఊరి సంగతి అత్యవసరమయ్యేది ఆ రెండు గంటలే. తీసేయడానికి దాన్నే ఎంచుకున్నారు.

నన్ను నిద్ర పోనివ్వకుండా చేసింది మాత్రం పోలండ్. 2024 అక్టోబరులో క్రాకో నగరపు ప్రభుత్వ రేడియోకు చెందిన ఒక చానెల్, కార్యక్రమాలు చేసే విలేకరులను పంపేసి కృత్రిమ మేధతో తయారు చేసిన వ్యాఖ్యాతలను పెట్టింది. అంతటితో ఆగలేదు. 2012లో చనిపోయిన నోబెల్ కవయిత్రి విస్వావా షింబోర్స్కాతో "ఇంటర్వ్యూ" ప్రసారం చేసింది. ఆవిడ ఎప్పుడూ అనని మాటలు ఆవిడ గొంతుతో! జనం మండిపడితే వారం రోజుల్లో ప్రయోగం ముగిసిందని చెప్పి ఆపేశారు. బతికున్నవాళ్ల గొంతు నొక్కి చనిపోయినవాళ్ల చేత మాట్లాడించారు. ఏ అధికారం ఉందని?

ఈ మాట రాస్తుంటే మా పాత వ్యాఖ్యాత గుర్తొచ్చారు. నిజం చెప్పాలంటే ఈ పొద్దున నా కోపంలో సగం వానది కాదు, ఆయనది. చాలా ఏళ్లుగా మా ఉదయాలు ఆయనవి. పేరు రాయను, ఆయనకు ఇష్టం ఉండకపోవచ్చు. గొప్ప గొంతేమీ కాదు, కాస్త బొంగురు. కాగితం తిప్పితే చప్పుడు వినిపించేది, కుర్చీ కిర్రుమనేది. కరెంటు కోతల వేళలు చదివేటప్పుడు "పెన్ను తెచ్చుకోండి, ఆగుతాను" అని నిజంగానే ఆగేవారు. ప్రసారం మధ్యలో అలా ఆగడం ఎంత కష్టమో మైకు ముందు కూర్చున్నవాళ్లను అడగండి. రెండు క్షణాలు మాట లేకపోతే ప్రసారం తెగిపోయిందేమో అని కంగారు పడే వృత్తి అది. ఆయన ఆగేవారు. తర్వాత నెమ్మదిగా ఒకసారి, మళ్లీ ఇంకోసారి చదివేవారు. ఒకసారి ఒక పెద్దావిడ ఫోను చేసి తాళాల గుత్తి పోయిందని ఏడ్చింది. "అమ్మా, గుత్తికి ఏమైనా గుర్తు ఉందా?" అని అడిగి, ఎర్ర దారం కట్టి ఉందని తెలుసుకుని, కార్యక్రమం అయ్యేదాకా ప్రతి పాట తర్వాతా ఆ ఎర్ర దారం సంగతి చెప్పారు. ఆఖరి పాట నడుస్తుండగానే దొరికిందని ఎవరో ఫోను చేశారు.

అలాంటి మనిషిని ఎలా పంపారో తెలుసా? శుక్రవారం మామూలుగా కార్యక్రమం చేశారు, "సోమవారం కలుద్దాం" అన్నారు. సోమవారం వేరే గొంతు. ఆయన ఏమయ్యారో ఒక్క ముక్క లేదు. సెలవులో ఉన్నారా, ఒంట్లో బాగాలేదా అని అడిగినవాళ్ల ప్రశ్నలు వాళ్ల పేజీ నుంచి మాయమయ్యాయి. ఆయన ఫొటో గోడ మీద నుంచి కూడా తీసేశారని అక్కడ పని చేసినవాళ్లు చెప్పారు. తీసేయాలని నిర్ణయించాక మళ్లీ మైకు ముందు కూర్చోనివ్వరు, ఆ రంగంలో అదొక భయం. ఏం చెప్పేస్తారోనని. మాతో ఆయన చెప్పేదేముంది? వెళ్లొస్తానని చెప్పేవారు. ఎన్నో ఏళ్లు మా ఇళ్లలో తెల్లవారుజామున మాట్లాడిన మనిషికి ఆ ఒక్క మాట అనే హక్కు లేదా? మాకు వినే హక్కు లేదా?

కార్యక్రమాన్ని మార్చారు, సరే. ఖర్చులు పెరిగాయి, ప్రకటనలు ఇంటర్నెట్‌కు పోయాయి, అదీ నిజమే కావచ్చు. డబ్బు లేదన్న మాట నేను కొట్టిపారేయడం లేదు. కానీ ఒక వీడ్కోలుకు ఏం ఖర్చవుతుంది? రికార్డు చేసిన కార్యక్రమానికి ముందు "ఇది ముందే రికార్డు చేసింది" అని చెప్పడానికి ఏం ఖర్చవుతుంది? వానలు, తుఫానులు వచ్చే రోజుల్లో కనీసం ఉదయం ఆ రెండు గంటలు ఊళ్లో ఉన్న మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. ఆ గదిలో మోగే ఫోను ఒకటి పెట్టండి. ఇవి చేయలేకపోతే ఊరి పేరు తీసేయండి. మా పేరు పెట్టుకుని మాకు అబద్ధపు ఎండ చూపించకండి.

లైసెన్సు గడువు ముగిసినప్పుడు పొడిగింపు అడుగుతారు కదా, అప్పుడు ఈ ఉదయం ప్రసారాన్ని నేను లిఖితపూర్వకంగా లైసెన్సు ఇచ్చేవాళ్ల ముందు పెడతాను. మీ ఊళ్లో ఇలాగే జరిగితే తేదీ, సమయం రాసి పెట్టుకోండి. నోటిమాట ఫిర్యాదు ఎవరూ పట్టించుకోరు.

ఆ కేంద్రం వాళ్లు ఇది చదివితే ఒక సంగతికి జవాబు కావాలి. ఆయన తొలినాళ్ల కార్యక్రమాలు టేపు చుట్టల మీద ఉండేవి. పాత టేపులకు తేమ తగిలితే పైపూత జిగురుగా మారి ఊడిపోతుంది, తిప్పబోతే అంటుకుంటుంది. తెలిసినవాళ్లు తక్కువ వేడిలో జాగ్రత్తగా ఆరబెడితే కొన్నాళ్లు మళ్లీ పలుకుతాయి, ఆలోగా కాపీ తీసుకోవాలి. భవనం మారినప్పుడు ఆ చుట్టలను ఎక్కడ పెట్టారు? పారేస్తే పారేశామని చెప్పండి. ఉంటే మాకివ్వండి. చేతిలో పాత టేపు యంత్రం ఉన్నవాళ్లు, బాగుచేయడం తెలిసినవాళ్లు ఈ పోస్టు చదువుతున్నారని నాకు తెలుసు. చుట్టలు మోసుకు రావడానికి మనుషులను నేను చూసుకుంటాను.