‘వికలాంగులు బండి నడిపితే ప్రమాదం’ అనే సందేశానికి జవాబు

వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. కాలో చెయ్యో సరిగా లేనివాళ్లకు లైసెన్సు ఇవ్వడమంటే అందరి ప్రాణాలతో ఆడుకోవడమేనట. చట్టమూ ఒప్పుకోదట. ఆక్యుపేషనల్ థెరపీ అంటే చేతులకు వ్యాయామమేనట, దానికీ డ్రైవింగ్‌కూ సంబంధం లేదట. అంతగా నడపాలనుంటే డాక్టరు సర్టిఫికెట్, ఒక ఆటోమేటిక్ కారు చాలునట. నాలుగూ తప్పే.

చట్టం సంగతి ముందే తేల్చేద్దాం. వికలాంగుల బండికి 1988 మోటారు వాహనాల చట్టంలోనే విడిగా లైసెన్సు తరగతి ఉంది. 2019 సవరణ దాన్ని ‘అడాప్టెడ్ వెహికల్’ (అవసరానికి తగ్గట్టు మార్చిన బండి) అంది. వినికిడి లేనివాళ్లకూ లైసెన్సు ఇవ్వవచ్చని కేంద్ర రవాణా శాఖ 2016లో రాష్ట్రాలకు రాసింది. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలే మూడు చక్రాల మోటారు బండ్లు పంచాయి.

సర్టిఫికెట్ చాలన్న మాట మాత్రం నిజంగా ప్రాణాల మీదికి తెచ్చేది. లైసెన్సు కోసం డాక్టరు నింపే సర్టిఫికెట్ ఫారం 1ఏ. అందులో ఒక ప్రశ్న, పట్టపగలు 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటును పోల్చుకోగలరా అని. చూపు స్పష్టంగా ఉందో లేదో దీంతో తెలుస్తుంది. కంటికి కనబడినదాన్ని మెదడు పట్టించుకుంటోందా అన్నది తెలియదు. మెదడు కుడి భాగం దెబ్బతిని ఎడమవైపు పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ఎడమ పక్క ఉన్నదేదీ ధ్యాసలోకే రాదు. కంచంలో కుడి సగం తినేసి అన్నం అయిపోయిందంటారు. గడ్డం ఒక పక్కే గీసుకుంటారు. తమకు ఈ లోపం ఉందని వాళ్లకే తెలియకపోవచ్చు. మనం నడిపేదేమో రోడ్డుకు ఎడమన. నడిచేవాళ్లు, సైకిళ్లు, ఆగి ఉన్న ఆటోలు, సందు దొరికితే దూరే బైకులు ఎక్కువగా ఆ పక్కనే. ఆటోమేటిక్ కారుకు ఎడమ కాలితో పనే లేదు, స్టీరింగుకు పట్టుకుని తిప్పే నాబ్ బిగిస్తే కుడి చెయ్యి ఒక్కటీ సరిపోతుంది. చూసేవాళ్లకు మనిషి సిద్ధంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

జబ్బో గాయమో వైకల్యమో ఉన్నవాళ్లు రోజువారీ పనులు చేసుకోగలిగేలా తోడ్పడేవాళ్లు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. ఈ లోపాన్ని బయటపెట్టడం వాళ్ల పనుల్లో ఒకటి. కాగితం నిండా చిన్న చిన్న నక్షత్రాలు ఇచ్చి అన్నీ కొట్టేయమంటారు. ఈ సమస్య ఉన్నవాళ్లు చాలాసార్లు కుడివైపువి కొట్టేసి పెన్ను కింద పెట్టేస్తారు. మెడ ఎంత తిరుగుతోంది, పాదం బ్రేకు మీదికి ఎంత త్వరగా వెళ్తోంది, దృష్టి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మళ్లుతోందా అన్నవీ చూస్తారు. ఆ తర్వాత, శిక్షకుడి వైపూ బ్రేకు ఉన్న కారులో, రోడ్డు మీద పరీక్ష. అమెరికా, బ్రిటన్‌లలో ఇది స్థిరపడిన పద్ధతి. మన దగ్గర ఈ సేవ దొరికే చోట్లు చాలా తక్కువ. అడగాల్సింది ఈ కొరత గురించి.

ఇక కారు. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదలనివాళ్లకు బ్రేకు, యాక్సిలరేటరు చేత్తో నడిపేలా బిగిస్తారు. నడుములో పట్టు లేకపోతే మలుపుల్లో మనిషి పక్కకు ఒరిగిపోతాడు, ఛాతీకి బెల్టు కావాలి. కాళ్లు ఉన్నట్టుండి బిగుసుకుని పెడల్‌ను తన్నేలా ఉంటే దానికి అడ్డు పెట్టాలి. కుడి కాలు లేనివాళ్లకు యాక్సిలరేటరును బ్రేకుకు ఎడమన పెడతారు, కానీ కంగారులో పాత అలవాటే ముందుకొస్తుంది కాబట్టి గట్టి సాధన కావాలి. బిగించడం మెకానిక్‌కు తెలుసు. ఎవరికి ఏది బిగించాలో మనిషిని పరీక్షించినవాళ్లు చెప్పాలి.

చివరిగా, అందరి ప్రాణాలకూ ప్రమాదమన్న మాట. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు సన్నబడినంత మాత్రాన చూపూ ఆలోచనా తగ్గవు. కుడివైపు పక్షవాతంతో మాట తడబడితే తెలివే పోయిందనుకుని ఇంట్లోవాళ్లే తాళాలు దాచేస్తారు. అలాంటివాళ్లలో కొందరు భేషుగ్గా నడపగలరని పరీక్షలో తేలుతుంది, కొందరిని వద్దంటారు. ఆ వద్దన్నది కూడా ఎప్పటికీ కాకపోవచ్చు. పక్షవాతం తర్వాత తొలి నెలల్లో చాలామంది బాగా కోలుకుంటారు కాబట్టి, కొంతకాలం ఆగి మళ్లీ పరీక్షిస్తారు.