ఫోటో కింద పెన్సిల్‌తో వెలసిన 3/6 గారికి

మహారాజశ్రీ 3/6 గారికి నమస్కరించి రాయునది.

నిన్న మధ్యాహ్నమంతా ప్రదర్శనలో తమరి ఎదుట నిలబడ్డవాణ్ణి నేనే. తమరి పైన ఫోటో ఉందని విన్నాను. నాకైతే అద్దంలో నా బట్టతల, దాని వెనక ట్యూబులైటు కనబడ్డాయి. పక్కన గోడమీద కళాకారుడి వివరణ రెండుసార్లు చదివాను, క్రియాపదం దొరకలేదు. పోనీండి.

నా గొడవ తమరితోనే. ఈ ఫోటోకి ఆరే కాపీలు, ఇది అందులో మూడోదని చాటే అంకె కదా తమరు. "ఆరు తర్వాత?" అనడిగాను అక్కడి అమ్మాయిని. "ఇక వెయ్యరండీ" అంది, వంశం అంతరించిపోయినట్టు మొహం పెట్టి.

ఎందుకు వెయ్యరు స్వామీ? రాగిరేకు మీద చెక్కి అచ్చువేసే రోజుల్లో తమరికో అర్థం ఉండేది. ప్రెస్సు కింద నలిగి నలిగి గీతలు అరిగేవి, చివరి ప్రతులు మసకబారేవి. నెగెటివ్‌కు ఏం అరుగుతుంది? 1841లో ఇంగ్లండులో టాల్బట్ పేటెంటు తీసుకున్న నెగెటివ్ పద్ధతి గొప్పంతా ఒకదాన్నుంచి ఎన్నైనా తీసుకోవచ్చనే కదా!

పాపం, ఫోటో పడ్డ పాట్లు తక్కువా? 1859లో ఫ్రెంచి కవి బోద్‌లేర్ శాస్త్రాలకూ కళలకూ దాసిగా పడి ఉండమన్నాడు. ఆ మాట పడలేక పెయింటింగులా కనబడాలని జిగురూ రంగూ పూసుకుంది. 1902లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ ఫోటో కూడా కళేనని జట్టు కట్టి పోరాడాడు. 1940లో గానీ న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం మోమాలో దానికంటూ ఓ విభాగం రాలేదు. ఇంతా చేసి లోపలికొస్తే గడపలో తమరు, ఆరు మించితే కళ కాదంటూ!

పోనీ, ఆరంటే ఆరేనా? 'ఆర్టిస్ట్ ప్రూఫు'లని కళాకారుడు తనకోసం ఉంచుకునే, లెక్కలోకి రాని కాపీలు వేరే. సైజు మారిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలు! 2012లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ విలియం ఎగుల్‌స్టన్ తన పాత ఫోటోలే పెద్దవిగా వేసి వేలంలో అమ్మితే, చిన్నవి కొనుక్కున్నాయన కోర్టుకెక్కాడు. మరుసటి సంవత్సరం కేసు కొట్టేశారు. సైజు మారింది కాబట్టి అది వేరే ఎడిషనట, అంటే వేరే విడతట. నువ్వు అంకెవా, అబద్ధానివా? జర్మన్ ఫోటోగ్రాఫర్ గుర్స్కీ తన రైన్ నది ఫోటోలోంచి ఫ్యాక్టరీనే కంప్యూటర్లో చెరిపేశాడు. అదీ ఆరే కాపీలు, 2011లో ఒకటి 43 లక్షల డాలర్లు పలికింది. ఫ్యాక్టరీని మాయం చేసినవాళ్ళకి ఏడో కాపీ తియ్యడం చేతకాదా? సిగ్గుండాలి!

క్షమించండి, నోరు జారింది.

ఐదింటికి ట్యూబులైటు ఆర్పారు. నా బట్టతల మాయమై ఫోటో బయటపడింది. రాతిమెట్టు మీద ఓ పసిపాదం తడిగుర్తు. మడమ దగ్గర ఆరిపోయింది, బొటనవేలు దగ్గర ఇంకా నీళ్ళు మెరుస్తున్నాయి. వాచ్‌మన్ రెండోసారి పిలిచేదాకా కదల్లేదు.

ఎవరికీ చెప్పకుండా ఒకటి వేయించిపెట్టండి.

ఇట్లు,
7/6