క్రిములకు గడప అవతలే చోటు

మా పెదనాన్నగారి ఇంట్లోకి క్రిములకు ప్రవేశం లేదు. గుమ్మం దగ్గర శానిటైజర్, వంటింట్లో మడి. పాల ప్యాకెట్‌కి కూడా స్నానమయ్యాకే లోపలికి అనుమతి. డెబ్బై దాటాక కూడా కంటికి కనబడని శత్రువుతో ఇంత పట్టుగా పోరాడుతున్న మనిషి సిద్ధాంతాన్ని నలుగురికీ చెప్పడం నా బాధ్యత అనిపించింది.

సిద్ధాంతం సులువైనదే. క్రిమి చేత పని చేయించుకోవచ్చు, గడప దాటనివ్వకూడదు. పని అవసరం, శుభ్రత ఆచారం. రెండింటినీ కలిపి కంగాళీ చేయకూడదు.

పెదనాన్నగారికి షుగర్. రోజూ ఇన్సులిన్ వేసుకుంటారు. ఒకప్పుడు ఈ మందును పందుల, ఆవుల క్లోమాల నుంచి తీసేవారు. రెండు టన్నుల పంది సరుకు కరగదీస్తే పావుకిలో కూడా తేలేది కాదు. 1978లో అమెరికాలో ఇన్సులిన్‌లోని రెండు గొలుసుల జన్యువులను ల్యాబులో కట్టి, ఈ.కోలై అనే బాక్టీరియాలోకి ఎక్కించి, మనిషి ఇన్సులిన్‌ను దాని చేతే చేయించారు. 1982లో మందుగా అనుమతి వచ్చింది. కొన్ని కంపెనీలు ఈ పని ఈస్ట్‌కి అప్పగించాయి గానీ, పెదనాన్నగారు వాడేది మాత్రం ఈ.కోలై చేసిందే. "పంది లేదు, ఆవు లేదు, శుద్ధ శాకాహారం" అని ఆయన సంతోషించారు.

ఈ.కోలై ఉండేది ఎక్కడని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. పెద్దపేగులో. ల్యాబుల్లో పేరుమోసిన కె-12 వంశానికి మూలపురుషుడు 1922లో కాలిఫోర్నియాలో, డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న ఒకాయన మలంలో దొరికాడు. పుట్టుక ఎలాంటిదైనా పనిమంతుడు. తిండీ వెచ్చదనమూ సరిగ్గా అమరితే ఇరవై నిమిషాలకోసారి ఇద్దరవుతాడు. సెలవు అడగడు, పండగ బోనస్ అడగడు. పని అయ్యాక జీతం కూడా అడగడు, ఎందుకంటే అప్పటికి మనం అతన్ని పగలగొట్టి లోపలి సరుకు తీసేసుకుని ఉంటాం.

వాళ్లలో వాళ్లకు పడకపోవడం మనకు ఇంకో సౌకర్యం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్న లెడర్లీ సంస్థ 1948లో బయటపెట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, అమెరికాలోని మిస్సోరీ మట్టిలో దొరికిన ఒక స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా తయారుచేసిందే. తోటి బాక్టీరియాను చంపడానికి పనికొచ్చింది. ఇక పెదనాన్నగారి పంచెల మీది సాంబారు మరకల్ని కొరికి తినే సబ్బుపొడి ఎంజైము బాసిల్లస్ అనే బాక్టీరియా చలవ. ఆ పొడి డబ్బా మీదే "క్రిముల్ని చంపుతుంది" అని రాసి ఉంటుంది.

పెరుగు సంగతి మాత్రం ఎత్తకండి. పక్కింటి నుంచి చెంచాడు క్రిములు తెచ్చుకున్నామని ఏ ఇల్లాలూ అనదు, తోడు తెచ్చుకున్నామంటుంది. పేరు మారిస్తే మైల పోతుందని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు.

సిద్ధాంతం ఇంత చక్కగా నడుస్తుండగా, హైదరాబాద్ దగ్గర మందుల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు మొన్న భోజనాల దగ్గర చెడగొట్టాడు.

"మా ఫ్యాక్టరీలో మందు చేసే క్రిములకే మడి, తాతయ్యా. ట్యాంకునూ పైపులనూ ఆవిరితో ఉడికించి, గాలిని కూడా వడగట్టి పంపిస్తాం. బయటిదొక్కటి దూరినా బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. మేం గౌనూ టోపీ మాస్కూ వేసుకుంటే గానీ ఆ గదిలోకి రానివ్వరు."

"అంటే అక్కడ మైల ఎవరు?"

"మనమే."

పెదనాన్నగారు కలిపిన ముద్ద అలాగే పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. మడి కట్టుకునేవాళ్లను పరాయివాళ్లనడానికి ఆయనకు నోరు రాలేదు.

"అయితే మనవాళ్లేనన్నమాట. ఇంతకీ ఏ శాఖ?"

"శాఖ తెలీదు గానీ, గోత్రం కె-12" అన్నాడు వాడు.

ఆయన తల పంకించి మజ్జిగ పోయించుకున్నారు. రాత్రి సూది వేసుకునే ముందు మాత్రం పొట్ట మీద స్పిరిట్ దూదితో ఒకటికి రెండుసార్లు తుడుచుకున్నారు. క్రిములుంటాయట.