మహారాజశ్రీ వార్షిక సదస్సు వారికి: తమరి సోర్స్ కోడ్ ఎక్కడండీ?

మహారాజశ్రీ వార్షిక ఓపెన్ సోర్స్ డెవలపర్ల సదస్సు వారి దివ్యసముఖమునకు, తమరి వాలంటీర్లలో ఒకడు నమస్కరించి చేసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. పోయిన సదస్సులో హాలు హాలంతా పంచుకున్న జలుబు తగ్గింది. ఏ లైసెన్సు గొడవా లేకుండా తమరు అందరికీ సమానంగా పంచేది అదొక్కటే. తమరూ క్షేమమనే తలుస్తాను. ఎందుకంటే వచ్చే ఏటి తేదీలు అప్పుడే ప్రకటించేశారు. ఎవరు ప్రకటించారో, ఎవర్ని అడిగి ప్రకటించారో మాలో ఒక్కరికీ తెలియదు. పోన్లెండి, తమరికి అలవాటే.

ఒక్క సందేహం తీర్చుకుందామని ఈ ఉత్తరం. తమరి వేదికెక్కి ఏటా ఎవరో ఒకరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చే నాలుగు స్వేచ్ఛలను ఏకరువు పెడతారు. ఒకటి నుంచి కాదు, ప్రోగ్రామర్ల లెక్క ప్రకారం సున్నా నుంచి మొదలుపెడతారు. హాలంతా ఆ జోకు మొదటిసారి విన్నట్టే నవ్వుతుంది. ప్రోగ్రామును కావలసినట్టు నడుపుకోవచ్చు, లోపల ఏముందో చదివి మార్చుకోవచ్చు, పదిమందికి ఇవ్వచ్చు, మార్చినదాన్నీ ఇవ్వచ్చు. చాలా సంతోషం. మరి తమరినే నడుపుకోవాలంటే? తమరి లోపల ఏముందో చదవాలంటే? తమరిని రాసిన అసలు పాఠం, అదే తమరి సోర్స్ కోడ్, ఎక్కడ పెట్టారండీ?

నాకు తెలిసినంతవరకు అది ఒకాయన బుర్రలో ఉంది. కొంత ఆయన ఫోన్లో, మిగతాది ఒకావిడ పాత లాప్‌టాప్‌లో. ఆడిటోరియం కోసం ఎవరితో మాట్లాడాలి? ఆయనకు తెలుసు. బ్యాడ్జీల ఫైలు దేనిలో తయారు చేశారు? ఆవిడను అడగాలి. పోయినసారి స్పాన్సర్లకు రసీదులు ఏ పేరు మీద ఇచ్చాం? అది చూసుకున్న కుర్రాడు ఉద్యోగం మారాడు, ఫోనెత్తడు. వెబ్‌సైటు డొమైన్ ఎవరి పేరున ఉంది? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ పైకి అడగరు. జవాబు వస్తుందేమోనని భయం.

ఎంతమందిని బస్సు గుద్దితే ప్రాజెక్టు ఆగిపోతుందో ఆ లెక్కను బస్ ఫ్యాక్టర్ అంటారని తమరి వేదిక మీదే నేర్చుకున్నాం. తమరి విషయంలో బస్సు దాకా అక్కర్లేదు. ఆయనకు పాపో బాబో పుడితే చాలు, ఆ ఏడాదికి సదస్సు లేనట్టే.

తమరి చుట్టాలందరూ ఇలాగే ఉన్నారా అంటే, లేరు. 1999లో మెల్‌బోర్న్‌లో లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడే ఆస్ట్రేలియా వాళ్ల సదస్సు మొదలైంది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను రాసేవాళ్లలో ఒకడైన రస్టీ రస్సెల్ దాన్ని తన సొంత క్రెడిట్ కార్డు మీద నడిపించేశాడు. అక్కడికి అది తమరికంటే పెద్ద గందరగోళమే. తర్వాత దానికి లినక్స్ డాట్ కాన్ఫ్ డాట్ ఏయూ అని పేరొచ్చింది, ఏటేటా ఊరు మారింది, ఊరితోపాటు నిర్వాహకులూ మారారు. మరి తెలిసిన సంగతులు చేతులు మారేదెలా? పాత నిర్వాహకులు కొత్త జట్టు దగ్గరికి వచ్చి, ఎక్కడ దెబ్బతిన్నారో, ఎవర్ని నమ్మి మునిగారో కూర్చుని చెప్పేవారు. వాళ్లకు వాళ్లు దయ్యాలని పేరు కూడా పెట్టుకున్నారు. తమరి చుట్టూ కూడా దయ్యాలకు కొదవ లేదు. కాకపోతే మన దయ్యాలు మాట్లాడవు. సదస్సు ముగిసిన మర్నాడు వాట్సాప్ గ్రూపులోంచి మాయమై, మళ్లీ ఎవరికీ కనబడవు.

బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఓపెన్ సోర్స్ డెవలపర్ల సదస్సు ఫాస్‌డెమ్ సంగతి చూడండి. టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, వేలమంది వచ్చిపడతారు. గది నిండితే తలుపు మీద నిండిందని బోర్డు పెడతారు, అంతటితో సరి. అంతమందిని మోసే నెట్‌వర్కు అమరికలు, వెబ్‌సైటు, వీడియో ఏర్పాట్ల కోడ్ అంతా బయటే పెట్టారు. కావలసినవాడు చదువుకోవచ్చు. ఇంకో ముచ్చట చెబుతాను. వాళ్లు 2014లో తమ ప్రధాన వైఫైని ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి ఐపీవీ6కే పరిమితం చేశారు. పాత ఐపీవీ4 కావాలంటే పక్కనే వేరే పేరుతో ఇంకో నెట్‌వర్కు. ఎవరి ఫోనైనా మొరాయిస్తే బగ్గు ఫోన్‌దే, వెళ్లి దాన్ని చేసినవాళ్లకు చెప్పుకోమని అర్థం. అలా వైఫై పనిచేయకపోవడంలో కూడా ఒక సిద్ధాంతం ఉంది. తమరి వైఫై ఏ వెర్షన్లోనూ పనిచేయదు, దాని వెనక సిద్ధాంతమూ లేదు.

ఇక ప్రసంగాల కోసం తమరు ఇచ్చే పిలుపు. గడువు ఫలానా రోజు అర్ధరాత్రి అంటారు. ఎవరి అర్ధరాత్రి? భూమ్మీద ఎక్కడైనా సరే ఆ రోజు ఇంకా మిగిలి ఉంటే చాలట. అంటే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీకి 12 గంటలు వెనక ఉండే పసిఫిక్ సముద్రపు బేకర్, హౌలాండ్ దీవుల సమయం. ఆ దీవుల్లో నరమానవుడు ఉండడు. మనిషే లేనిచోట అర్ధరాత్రి అయ్యేదాకా ఎదురుచూసే ఓర్పు తమరికుంది. ఆ సమయానికి తమరి చేతిలో ఉండే ప్రతిపాదనలు మాత్రం వాలంటీర్లు మొహమాటానికి పంపినవే. దాంతో గడువు పొడిగిస్తారు. పొడిగిస్తారని అందరికీ తెలుసు గనకే ఎవరూ పంపలేదని తమరికి తెలుసు. తమరికి తెలుసని మాకూ తెలుసు. అయినా ఆ ప్రకటనలో ‘అనేకమంది కోరిక మేరకు’ అని రాయక మానరు. ఆ అనేకమందిలో ఒక్కరినైనా చూడాలని నా చిరకాల కోరిక.

ఆ ప్రతిపాదనలు తీసుకునే ఫారం ఎవరిదో చెప్పనక్కర్లేదు. సోర్స్ కోడ్ చూపించని మూసిన సాఫ్ట్‌వేర్ మీద విరుచుకుపడే ప్రసంగాన్ని మూసిన సాఫ్ట్‌వేర్ ఫారంలోనే పంపాలి. ప్రీటాల్క్స్ లాంటి ఓపెన్ సోర్స్ పరికరం సరిగ్గా ఈ పనికే ఉంది. అడిగితే, దాన్ని సర్వరులో పెట్టడం ఆయనకే తెలుసంటారు. ఏ ఆయన అని నేను అడగను. 2021లో సదస్సులన్నీ ఇళ్లలోకి దూరినప్పుడు ఫాస్‌డెమ్ మొత్తాన్ని మ్యాట్రిక్స్, జిట్సీ అనే ఓపెన్ సోర్స్ చాట్, వీడియో పరికరాల మీదే నడిపారు. ఆ ఉదాహరణ తమరి ప్రారంభోపన్యాసంలో రెండుసార్లు వచ్చింది. ఆ ఉపన్యాసం స్లైడ్లు దేనిలో చేశారో కూడా నేను అడగను.

టీషర్టు రంగు మీద జరిగిన చర్చ గురించి రాయబోయి ఆగాను. అది ఇంకా ముగియలేదని ఇప్పుడే తెలిసింది.

స్పాన్సర్ల దగ్గరికి వద్దాం, ఇక్కడ కాస్త నిలబడాలి. తమరి వెనక గోడ మీద వెండి, బంగారం, ప్లాటినం, వజ్రం వరసగా ఉంటాయి. ఎవరు ఏ లోహమో లోగో సైజు చూసి చెప్పొచ్చు. వజ్రం వారి వ్యాపారం మొత్తం ఒక చిన్న లైబ్రరీ మీద, అంటే వేరే ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే కోడ్ ముక్క మీద, నిలబడి ఉంటుంది. ఆ లైబ్రరీ రాసే మనిషి ప్రయాణపు ఖర్చుల కోసం తమరికే దరఖాస్తు పెట్టుకుని, వీసాకు కావలసిన ఆహ్వానపత్రం కోసం కాచుక్కూర్చుంటాడు. పత్రం వచ్చేసరికి వీసా గడువు దాటిపోతుంది. ఆయన రాలేకపోయినా ఆయన గురించిన ప్రసంగం మాత్రం ఆగదు.

2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు లోకం ఒక సంగతి తెలుసుకుని నోరెళ్లబెట్టింది. ఇంటర్నెట్‌లో చాలా భాగానికి తాళాలు వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏటా వస్తున్న విరాళాలు సుమారు 2000 డాలర్లట. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే పరికరం సంగతి తెలిసింది. దాన్ని కనిపెట్టుకుని ఉండే, అలసిపోయిన ఒకే ఒక మెయింటెయినర్‌కు సాయం చేస్తానని ఎవరో చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం కూడబెట్టుకుని, చివరికి అందులో దొడ్డిదారి పెట్టారు. దూరాన ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తీగ లాగబట్టి డొంక కదిలింది. ఈ రెండు కథలూ తమరి వేదిక మీద బాగా పండుతాయి. మెయింటెయినర్ ఒంటరితనం మీద స్లైడ్ వస్తుంది, హాలు బరువెక్కుతుంది, చప్పట్లు మోగుతాయి. స్లైడ్ అడుగున వజ్రం వారి లోగో మెరుస్తుంది.

ఆ చప్పట్లు మోగుతున్నంతసేపూ తమరి సొంత మెయింటెయినర్ రిజిస్ట్రేషన్ బల్ల వెనక నిలబడి, నిన్నటి నుంచి తిండి లేక, ఎవరి బ్యాడ్జీ మీదో తప్పు పడిన అక్షరాన్ని పెన్నుతో దిద్దుతుంటాడు. కొత్తవాడెవడైనా వచ్చి ‘మీరు పడుకోండన్నా, నేను చూసుకుంటా, పాస్‌వర్డులు ఇవ్వండి’ అంటే కళ్లనీళ్లు పెట్టుకుని ఇచ్చేస్తాడు. రెండేళ్ల ఓపిక అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. ప్రసంగం విన్నవాళ్లలో ఎవరికీ ఈ పోలిక తట్టదు. విననివాడు ఆయనొక్కడే కదా.

నిధులు పోగేయడమంటే ఎలా ఉండాలో ఆస్ట్రేలియా వాళ్లను చూసి నేర్చుకోవాలి. 2009లో హోబార్ట్‌లో టాస్మానియన్ డెవిల్ అనే జంతువును కాపాడటానికి విరాళాలు అడిగి, అందుకు ప్రతిగా బీడేల్ గార్బీ అనే డెవలపర్ గడ్డాన్ని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చేత గీయించారు. ఆ జంతువు గౌరవార్థం కెర్నల్ 2.6.29లో లినక్స్ చిహ్నమైన పెంగ్విన్ స్థానంలో దాని బొమ్మ పెట్టారు. తమరి గడ్డానికి ఎవరూ అంత ఇవ్వరనుకోండి. అయినా ఆ డబ్బు ఎందుకు పోగవుతోందో అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. తమరి జమాఖర్చులు ఎన్నడైనా ఎక్కడైనా పెట్టారా? దాచుకోవడానికేమీ లేదని నాకు తెలుసు. రాసిపెట్టే తీరిక ఎవరికీ లేదు, అంతే. బయటివాడికి మాత్రం రెండూ ఒకలాగే కనబడతాయి.

సదస్సు రోజుల గురించి ఎక్కువ రాయను. ప్రొజెక్టరుకూ లాప్‌టాప్‌కూ పొత్తు కుదరదు. ఆ రెంటినీ కలిపే డ్రైవర్ ప్రోగ్రాములు రాసిన మనిషే వేదిక మీదున్నా కుదరదు. మైకు వాల్యూమ్ పెంచమంటే ఈల వస్తుంది. ప్రశ్నలకు సమయం ఇస్తే ఒక పెద్దమనిషి లేచి ‘నాది ప్రశ్న కాదు’ అంటూ మొదలుపెడతాడు. అయిదేసి నిమిషాల మెరుపు ప్రసంగాలు మాత్రం నాకిష్టం. బాగోలేకపోయినా అయిదు నిమిషాలే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తమరి హాళ్లకు బయట, కాఫీ బల్లకూ మెట్లకూ మధ్య ఒక వరండా ఉంటుంది. ఏళ్లుగా ఒకే బగ్గు మీద ఒకరి ప్యాచ్‌లను, అంటే కోడ్ సవరణలను, ఒకరు తిప్పికొట్టుకుంటున్న ఇద్దరు అక్కడ ఎదురుపడతారు. ముందు బ్యాడ్జీ మీద పేరు చూస్తారు, తర్వాత మొహం చూస్తారు, ‘మీరేనా!’ అనుకుంటారు. కాసేపటికి ఇద్దరూ నేల మీద కూర్చుని ఒకే తెర చూస్తుంటారు. సాయంత్రానికి బగ్గు మూతపడుతుంది. కార్యక్రమ పట్టికలో లేని ఈ ఒక్క పని కోసమే జనం సముద్రాలు దాటి వస్తారు. తమరిని నడిపేవాళ్లకు మాత్రం ఆ వరండాలో నిలబడే యోగం లేదు. వాళ్లు అడాప్టర్ వెతుకుతూ అదే వరండాలో పరుగెడుతుంటారు. ఎవరైనా పలకరించబోతే ‘ఒక్క నిమిషం’ అంటారు. ఆ నిమిషం మళ్లీ ఏడాదికి గానీ రాదు, అప్పుడూ వాళ్ల చేతిలో అడాప్టరే ఉంటుంది.

ఇప్పుడు నా మనవి. వచ్చే ఏటి తేదీలు ప్రకటించారు గనక, ప్రసంగాల పిలుపు కంటే ముందు తమరు ఒక రిపాజిటరీ, అంటే అందరూ చూడగల ఫైళ్ల భాండారం, తెరవండి. అందులో గొప్ప ఆశయాలేవీ వద్దు, అవి గోడల మీద ఇప్పటికే ఉన్నాయి. ఏ నెలలో ఏ పని మొదలు కావాలో రాయండి. ఎవరికి ఎప్పుడు అడ్వాన్సు కట్టాలో, బ్యాడ్జీల ఫైలు ఎక్కడుందో, ఆడిటోరియం కరెంటు ఏ ప్లగ్గు దగ్గర ఎగిరిపోతుందో పెట్టండి. ఆహ్వానపత్రం నమూనా ఒకటి, అది పంపాల్సిన ఆఖరి తేదీ ఒకటి. పోయినసారి ఎంత వచ్చింది, ఎంత పోయింది. పాస్‌వర్డులు అక్కడ వద్దు, కానీ అవి ఏ ఇద్దరి దగ్గర ఉన్నాయో రాయండి. ఇద్దరి దగ్గర అన్నాను, గమనించగలరు.

ఇదంతా ఎవరు రాస్తారని తమరు అడుగుతారు. ఆయన చేత చెప్పించి పక్కన కూర్చుని ఇంకొకరు రాసుకోవాలి. సదస్సు జరిగిన వారంలోపే కావాలి, ఆపైన ఆయనకూ గుర్తుండదు. అందుకు ఆయన్ను ఒక పూట ఖాళీగా కూర్చోబెట్టాలి. వజ్రం వారికి వచ్చే ఏడు ఆ పూటను స్పాన్సర్ చేసే అవకాశం ఇవ్వండి. లోగో ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా వేద్దాం.

ఇట్లు,
తమరి విధేయుడు,
మూడో హాల్లో ప్రొజెక్టర్ కేబుల్ వంచి పట్టుకుని నిలబడినవాడు.

తా.క.: ఈ ఉత్తరానికి జవాబుగా ‘ప్యాచ్‌లకు స్వాగతం’ అని మాత్రం రాయకండి. పంపుదామనే ఉంది. ఎక్కడికి పంపాలి?