సవరణ: ఖిరద్‌ది మన హైదరాబాద్ కాదు

2011లో పాకిస్తాన్ ఛానెల్ హమ్ టీవీలో మొదలైన సీరియల్ 'హమ్‌సఫర్' గురించి మొన్న రాస్తూ, అందులో కథానాయిక ఖిరద్ మన హైదరాబాద్ నుంచి కరాచీకి కోడలిగా వెళ్లిందన్నాను. తప్పు రాశాను. ఆమెది సింధ్‌లోని హైదరాబాద్, అదీ పాకిస్తాన్‌లోనే. చదివినవాళ్లు చెప్పాక మొదటి ఎపిసోడ్లు మళ్లీ చూశాను.

ఇంకోటి, ఆమె తనంతట తానే ఇల్లు వదిలిందని రాశాను, అదీ పొరపాటే. అత్త ఫరీదా ఆమెకి ఖిజర్ అనే అతనితో సంబంధం అంటగట్టి, కొడుకు అషర్‌ని నమ్మించి, కడుపుతో ఉన్న పిల్లని రాత్రిపూట బయటికి గెంటేసింది. ఈ తేడా చిన్నది కాదు, మోసమంతా అక్కడే ఉంది. ఏళ్ల తర్వాత ఆమె అషర్ ముందు నిలబడింది కూడా కాపురం కోసం కాదు, కూతురు హరీమ్ గుండె ఆపరేషన్ కోసం.

పాత పోస్టులో రెండూ మార్చాను.