పాతబడటం వేరు, పాడైపోవడం వేరు

నిన్న రాత్రి వంటింట్లో సింకు కింది తలుపు చేతికొచ్చేసింది. హింజెస్ బాగానే ఉన్నాయి, వాటిని బిగించిన చెక్కే ఉబ్బిపోయి స్క్రూలతో సహా ఊడొచ్చింది. వేళ్లతో నలిపితే నానిన అటుకుల్లా రాలింది. 2021 శ్రావణంలో గృహప్రవేశం చేశాం, ఇంకా ఐదేళ్లు నిండలేదు. ఆ వంటగది కోసం హోమ్ లోన్ మీద టాప్-అప్ తీసుకున్నాం, దాని ఈఎంఐ ప్రతి నెలా ఐదో తారీఖున ఇప్పటికీ కట్ అవుతూనే ఉంది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నా ఫ్రెండ్స్‌లో కనీసం నలుగురైదుగురు ఇప్పుడు కొత్త ఫ్లాట్లకి ఇంటీరియర్స్ కొటేషన్లు తీసుకుంటున్నారని తెలుసు, వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నా. కాస్త పెద్దదే, అయినా చదవండి.

ముందు మేమేం చేశామో చెప్తాను. నిజాంపేటలో ఫ్లాట్, తాళాలు చేతికిచ్చిన వారానికే ఒక ఇంటీరియర్ కంపెనీ వాళ్లని పిలిచాం. పేరు రాయను, ఈ గొడవ వాళ్లొక్కళ్లది కాదు. డిజైనర్ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, ల్యాప్‌టాప్‌లో మా హాలునే త్రీడీలో చూపించాడు. గ్రే లామినేట్ టీవీ యూనిట్, దాని పక్కన నిలువు గాడుల ఫ్లూటెడ్ ప్యానెల్, సీలింగ్‌లో సన్నటి ప్రొఫైల్ లైట్లు, గ్రే సోఫా మీద ఆవపువ్వు రంగు కుషన్లు. వంటగదంతా తెలుపు, అరలకి హ్యాండిల్స్ లేని మెరిసే షటర్లు, అంటే తలుపులు, తెల్ల క్వార్ట్జ్ ప్లాట్‌ఫామ్. అది చూసి మా అత్తగారు ఒకే ఒక్క మాట అడిగారు, "తెల్లబండ మీద పసుపు పడితే ఎట్లాగమ్మా?" అని. "స్టెయిన్ ప్రూఫ్ ఆంటీ" అన్నాడా అబ్బాయి. నేనూ అతని వైపే మాట్లాడాను. ఆవిడ మళ్లీ నోరెత్తలేదు.

మరుసటి వేసవిలో ఆవకాయ కలిపాం. బేసిన్ అంచు నుంచి జారిన నూనె, కారం, పసుపు దాని అడుగున చేరి రాత్రంతా అలాగే ఉండిపోయాయి. పొద్దున బేసిన్ ఎత్తితే బండ మీద పళ్లెమంత నారింజ రంగు వలయం. నిమ్మచెక్క, సోడా, దుకాణంలో ఇచ్చిన లిక్విడ్, అన్నీ అయ్యాయి. రంగు తగ్గింది గానీ పోలేదు, అప్పట్నుంచి దాని మీద ఎప్పుడూ ఒక ట్రే పెట్టి ఉంచుతున్నా. క్వార్ట్జ్ పేరుతో అమ్మేది రాతిపొడిని రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన పలక అని, పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెడితే ఆ రెసిన్ దెబ్బతింటుందని కొన్న తర్వాత తెలుసుకున్నా. మన ఇళ్లలో పసుపు పడని కూర ఎన్ని ఉంటాయి? కుక్కర్ దించి పక్కన పెట్టకుండా వంట ఎలా చేస్తాం? మన ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే గెలాక్సీ గ్రానైట్, నల్లరాతిలో బంగారు రవ్వలు చల్లినట్టుండేది, ఓడలెక్కి దేశదేశాలకు వెళ్తోంది. క్వార్ట్జ్ కంటే తక్కువకే దొరుకుతుంటే, "అది ఓల్డ్ అయిపోయింది మేడమ్" అన్న ఒక్క మాటకి వదిలేశాను.

రంగుల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. పాంటోన్ అనే అమెరికా కంపెనీ ఏటా ఒక రంగుని ఆ ఏడాది రంగు అని ప్రకటిస్తుంది. 2021కి రెండు ప్రకటించింది, ఒక బూడిద రంగు, ఒక పసుపు. మా హాలు అచ్చం అదే! 2023కి ముదురు మెజెంటా, 2024కి పీచు పండు రంగు, 2025కి కాఫీ చాక్లెట్ కలిసినట్టుండే గోధుమ రంగు. మా డిజైనర్ దాన్ని చూసే గ్రే పెట్టాడని నేను అనడం లేదు. కానీ ఆ ఏడాది నేను ఫోన్‌లో చూసిన ప్రతి ఇల్లూ, తిప్పిన ప్రతి క్యాటలాగూ, వెళ్లిన ప్రతి షోరూమూ అదే రంగులో ఉన్నాయి, నా ఇష్టం అనుకుని నేను వేలు పెట్టి చూపించింది కూడా అదే. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింటికి వెళ్లినా ఆ ఇంట్లో ఏ సంవత్సరంలో దిగారో గోడ చూసి చెప్పేయొచ్చు.

ఇక ఆ ఫ్లూటెడ్ ప్యానెల్. మా చుట్టూ ఐదు బిల్డింగులు లేస్తున్నాయి, బాల్కనీ తలుపు తీస్తే చాలు సిమెంటు దుమ్ము. ఆ ప్యానెల్‌లో 112 గాడులు ఉన్నాయి, ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను. మామూలు గుడ్డ ఆ గాడుల్లోకి దిగదు. మా ఇంట్లో పనిచేసే ఆమె తడిగుడ్డని చూపుడువేలికి చుట్టుకుని ఒక్కో గాడినీ పైనుంచి కిందికి లాగుతుంది, వేలు నొప్పెడుతోందమ్మా అని ఒకసారి అంది కూడా. మా ఇంటి గోడ అందంగా కనిపించడానికి ఇంకొకరి వేలు నొప్పెట్టాలా? ఆ మాట విన్నప్పటి నుంచి దాన్ని నెలకోసారి నేనే తుడుచుకుంటున్నా. ప్రొఫైల్ లైట్ సగం పోయింది, దాని డ్రైవర్, అంటే లైటుకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే చిన్న పెట్టె, సీలింగ్ జిప్సమ్ బోర్డు పైన ఎక్కడో ఉంది, కట్ చేస్తే గానీ చెయ్యి పట్టదన్నాడు ఎలక్ట్రీషియన్. వదిలేశాం.

ఇదే హాల్లో అరవై ఏళ్లు దాటిన వస్తువు ఒకటి ఉంది. మా తాతయ్య పడక కుర్చీ. తెనాలి దగ్గర మా ఊళ్లో ఇల్లు 2014లో పడగొట్టినప్పుడు టేకు తలుపులు, దూలాలు, ద్వారబంధాలు, భోషాణం అన్నీ పాత చెక్క కొనేవాళ్లకి ఒకే లెక్క కట్టి ఇచ్చేశారు, నేను మాత్రం ఈ కుర్చీ అడిగి తెచ్చుకున్నా. కుడిచేతి వైపు చెక్క చివర, తాతయ్య అరచెయ్యి ఆనే చోట, అంచు అరిగి గుండ్రంగా నున్నగా నల్లబడి ఉంటుంది. మా పాప టీవీ చూస్తూ అక్కడే బొటనవేలితో రుద్దుతూ ఉంటుంది, ఎవరూ చెప్పకుండానే. దానికి నాకు తెలిసి నాలుగు గుడ్డలు మారాయి. చిన్నప్పుడు నీలం చారల కాన్వాసు, తర్వాత ఖాకీ, తర్వాత అమ్మ కుట్టించిన ఆకుపచ్చది, ఇప్పుడు నేను వేయించిన పోచంపల్లి ఇక్కత్. ఒక్కసారి ఒక కర్ర విరిగితే ఊళ్లో వడ్రంగి అరగంటలో కొత్తది చెక్కి పెట్టాడు.

నేను చెప్పాలనుకునేది ఇదే. ఆ కుర్చీ పాతబడింది, నా వంటగది పాడైపోయింది. అరిగినా, మచ్చపడినా, రంగు మారినా ఇంకా బాగుందనిపించే వస్తువులు కొన్ని ఉంటాయి, వాటిని మన మేస్త్రో వడ్రంగో బాగుచేయగలడు. కొన్నింటికి మాత్రం ఫొటో తీసిన రోజే వాటి మంచి రోజు, ఆ తర్వాత ఊడటమే. షోరూమ్‌లో చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి, అందుకే మోసపోతాం. చండీగఢ్ కుర్చీల సంగతి చూడండి. 1950లలో అక్కడి ప్రభుత్వ ఆఫీసుల కోసం పియర్ జాన్రే అనే స్విస్ ఆర్కిటెక్ట్ చేయించిన టేకు, కేన్ కుర్చీలు, ఒక దశలో ఆఫీసుల వెనక కుప్పలుగా పడేసి తుక్కు కింద వేలం వేశారు. వాటినే కొనుక్కెళ్లి, కేన్ మళ్లీ అల్లించి, చెక్క పాలిష్ పెట్టించి విదేశాల్లో లక్షల్లో అమ్మారు. అల్లిక తెగితే మళ్లీ అల్లొచ్చు కాబట్టే కదా అవి తుక్కులోంచి లేచొచ్చాయి. ఉబ్బిన ఎండీఎఫ్‌ని, అంటే చెక్కపీచుని జిగురుతో నొక్కి చేసిన బోర్డుని, ఎవరు ఏం చేయగలరు?

మా నాన్న కూడా ట్రెండు దెబ్బ తిన్నవాడే. 1988లో గుంటూరులో కట్టిన ఇంటికి మొజాయిక్ వేయించాడు, మెషీన్‌తో రోజుల తరబడి అరగదీసి పాలిష్ పెట్టారు, ఆ బురదనీళ్లు వీధి దాకా పారడం నాకు గుర్తుంది. 2006లో అందరూ విట్రిఫైడ్ టైల్స్ వేయిస్తున్నారని దాన్ని గడ్డపారలతో పగలగొట్టించాం. పోయిన నెల ఫ్రెండ్‌తో టైల్స్ షాపుకి వెళ్తే సేల్స్‌మన్ "లేటెస్ట్ మేడమ్, టెరాజో" అని ఒక పలక చేతిలో పెట్టాడు. సిమెంటులో పాలరాతి ముక్కలు. మా గుంటూరు హాలు ముక్క నా చేతిలో ఉన్నట్టే అనిపించి కాసేపు మాట రాలేదు.

పాత ఇళ్లే గొప్పవి, కొత్తవన్నీ దండగ అని నేను అనట్లేదు, అలా అర్థం చేసుకోవద్దు. అమ్మమ్మ వంటిల్లు చీకటి కొట్టు, పొగకి ఆవిడ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి, నీళ్లు బావి నుంచి మోసుకోవాలి, బాత్రూమ్ పెరట్లో. చిమ్నీ, నడుము ఎత్తులో ప్లాట్‌ఫామ్, నొక్కితే వెలిగే పొయ్యి, ఇవి అమ్మమ్మకి దొరికి ఉంటే ఎంత బాగుండేదో. పైగా ఇప్పుడు పాతదనం కూడా ఒక థీమ్‌గా అమ్ముతున్నారు. తెలిసినవాళ్ల విల్లాలో కారైక్కుడి నుంచి తెప్పించిన రెండు చెట్టినాడు స్తంభాలు చూశా. చాలా అందంగా ఉన్నాయి, నిజం. కానీ అవి ఏ బరువూ మోయట్లేదు, జిప్సమ్ సీలింగ్ కింద ఊరికే నిలబడి ఉన్నాయి, పడగొట్టిన ఏ ఇంటివో. మా ఊరి ద్వారబంధాలు కూడా ఇలాగే ఎవరింట్లోనో అద్దం చుట్టూ ఫ్రేమై ఉంటాయేమో అనిపించి అక్కడ ఎక్కువసేపు కూర్చోలేకపోయా.

అలాగని ట్రెండు మీద ఇష్టం ఉండటం తప్పా? కాదు. మా పాప తన గదికి సేజ్ గ్రీన్ కావాలంది, ఏదో వీడియోలో చూసింది. ఒక ఆదివారం, నాలుగు లీటర్ల పెయింటు, నేనూ మా ఆయనా కలిసి వేసేశాం. రెండేళ్లకి విసుగొస్తే ఇంకో ఆదివారం ఇంకో రంగు. కర్టెన్లు, కుషన్ కవర్లు, దుప్పట్లు, టేబుల్ ల్యాంపు, గోడ మీద బొమ్మ, వీటిలో ఎంత ఫ్యాషన్ కావాలంటే అంత చేసుకోండి, పండగకి కొత్త బట్టలు కొనుక్కున్నట్టే. సిమెంటుతోనో స్క్రూలతోనో ఇంటికి బిగించే వాటి దగ్గరే ఆగమంటున్నా. ఫ్లోరింగ్, వంటగది, వార్డ్‌రోబ్ లోపలి చెక్క, బాత్రూమ్ టైల్స్, కరెంటు పాయింట్లు. వీటిని మార్చాలంటే ఇల్లంతా దుమ్ము, వారాల తరబడి హోటల్ భోజనం, మళ్లీ అప్పు.

కొటేషన్ మీద సంతకం పెట్టేముందు దయచేసి కొన్ని అడగండి. మేం అడగలేదు. సింకు కింద ఏ చెక్క వాడుతున్నారు? ఎంఆర్ ప్లైవుడ్ అంటే గాలిలో తేమకి ఆగేది మాత్రమే, నీళ్లకి ఆగదు, నీళ్లు తగిలే చోటికి ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లైవుడ్, అంటే మరిగే నీళ్లకీ ఆగేది, కావాలి. మా కొటేషన్‌లో "వాటర్ రెసిస్టెంట్ బోర్డ్" అని మాత్రమే ఉంది, అదేంటని మేమూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. లైటు పాడైతే దాని డ్రైవర్ ఎక్కణ్నుంచి తీస్తారు? ఈ షటర్ ఒక్కటే పోతే మూడేళ్ల తర్వాత ఇదే షేడ్ దొరుకుతుందా? మా వంటగది తెలుపు షేడ్ ఇప్పుడు తయారు కావట్లేదట, ఒక్క తలుపు కోసం మొత్తం వరస మార్చమంటున్నారు. ఇంకోటి, ప్లాట్‌ఫామ్ ఎత్తు ఇంట్లో వంట చేసే మనిషిని నిలబెట్టి కొలవండి. వాస్తు కోసం ఇద్దరు పంతుళ్లని పిలిచాం, మా అత్తగారి మోచెయ్యి ఎత్తు మాత్రం ఎవరం కొలవలేదు, ఆవిడకి చపాతీ పీట ఛాతీ దగ్గరికి వస్తుంది.

మేం చేయబోయేది కూడా చెప్తాను. సింకు కిందా, దాని పక్క అరకీ చెక్క పూర్తిగా తీసేసి కడప బండలు నిలబెట్టిస్తున్నాం, ముందు మాత్రం షటర్లు వేయిస్తాం. మా గుంటూరు వంటింట్లో డబ్బాల అరలు కడప బండవే, నీళ్లతో కడిగినా ఏం కాలేదు, చెదలు పట్టలేదు, నాన్న ఫ్లోరింగ్ పగలగొట్టినా వాటి జోలికి వెళ్లలేదు, ఇవాళ్టికీ ఉన్నాయి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే ఆ బండకి మచ్చ వస్తుంది కాబట్టి పైన ప్లాట్‌ఫామ్‌కి అది వద్దు, డబ్బులు సర్దుబాటయ్యాక గ్రానైట్ వేయిస్తాం. "ఏ రాయి వేయిద్దాం అత్తయ్యా?" అని ఈ పొద్దున ఆవిడనే అడిగాను. "నల్లదే వేయించు" అన్నారు, ఐదేళ్ల కిందటి మాట ఒక్కటీ ఎత్తకుండా.

చివరగా ఒక సాయం కావాలి. మా బాల్కనీ నలభై చదరపు అడుగులు ఉంటుంది, దానికి అమ్మమ్మ అరుగు లాంటి ఎర్ర గచ్చు వేయించాలని ఉంది. రెడ్ ఆక్సైడ్ పొడి దుకాణాల్లో దొరుకుతోంది గానీ, పని ఆపకుండా ఒకే పూటలో తాపీతో నున్నగా రుద్దగలిగే మేస్త్రి దొరకట్లేదు, అడిగిన ముగ్గురూ టైల్స్ వేసుకోండమ్మా అన్నారు. హైదరాబాద్‌లో గానీ, గుంటూరు, తెనాలి వైపు నుంచి వచ్చి చేసే వాళ్లు గానీ ఎవరైనా మీకు తెలిస్తే మెసేజ్ పెట్టండి. రానూపోనూ చార్జీలు, ఇంట్లో భోజనం మేం చూసుకుంటాం.