ఆత్మపరిశీలనకు తగిన దూరం

జాతివివక్షను ఖండించడంలో విజయవాడ పెద్దమనిషిని మించినవాడు ఆంధ్రదేశంలో లేడని, ఈ సంగతిని ఇన్నాళ్లూ ఎవరూ గుర్తించకపోవడం మన పత్రికలకే తలవంపులని ముందుగా మనవి చేసుకుంటున్నాను. 2020 మే 25న మినియాపొలిస్ నగరంలో ఒక తెల్ల పోలీసు అధికారి జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు మోపి ప్రాణం తీసినప్పుడు, మొగల్రాజపురం మొదలుకొని పటమట దాకా పెద్దమనుషుల రక్తం ఎంతగా ఉడికిందో వారి వాట్సాప్ గ్రూపులే సాక్ష్యం చెబుతాయి. ఆ ఉడుకు నటన కాదు. వారు నిజంగానే బాధపడ్డారు. అయితే ఆ బాధ కలగడానికి ఒక చిన్న ఏర్పాటు అవసరమని, అది దూరమని నా పరిశీలనలో తేలింది.

మినియాపొలిస్ మనకు సుమారు 13 వేల కిలోమీటర్లు. అంత దూరాన మన మనస్సాక్షి ఏ ఆటంకమూ లేకుండా పనిచేస్తుంది. అదే 2017 మార్చిలో ఢిల్లీ పక్కన ఉన్న గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను గుంపులుగా చేరి కొట్టినప్పుడు, "వాళ్లూ ఏదో చేసే ఉంటారు లెండి" అన్న సందేహం మనకు అడ్డువచ్చింది. ఇక తెనాలి దాటి చుండూరు దాకా వచ్చేసరికి మనస్సాక్షికి చూపు పూర్తిగా ఆనదు. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్థుడికి తగలడంతో రాజుకున్న తగవు అక్కడ 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య దాకా వెళ్లింది. ఆ ఊళ్లోనే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఈ మాట ఎత్తితే పెద్దమనిషి "ఆ పాత గొడవలు ఇప్పుడెందుకండీ" అంటాడు. అమెరికాలో 1865లో రద్దయిన బానిసత్వం గురించి మాత్రం మొన్న తన కళ్లముందే జరిగినంత ఆవేదనతో మాట్లాడగలడు.

కులం వేరు, జాతి వేరు, రెంటినీ ముడిపెట్టడం పాండిత్యలోపం అని ఇక్కడ కొందరు విజ్ఞులు అభ్యంతరం చెప్పబోతారని నాకు తెలుసు. ఈ సూక్ష్మభేదాన్ని ఇంత శ్రద్ధగా కాపాడుతున్నందుకు వారికి నమస్కారం. కాని ఆ వాదాన్ని మన దేశస్థుడే ఒకాయన అమెరికా సుప్రీంకోర్టు మెట్ల మీద పారేసి వచ్చాడు. భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి పౌరసత్వం అడిగాడు. అప్పటి చట్టం ప్రకారం విదేశాల నుండి వచ్చినవారిలో తెల్లవారికి, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే ఆ భాగ్యం ఉండేది. తెల్లవారికి మాత్రమే అన్న ఆ నియమం అన్యాయమని థిండ్ పక్షం వాదించలేదు. తాను ఉన్నతకులానికి చెందిన ఆర్యుడిని కనుక తెల్లవాడినేనని వాదించింది. అంతటితో ఆగక, పెళ్లిసంబంధాల దృష్టితో చూస్తే అమెరికా తెల్లవాడు నీగ్రోను ఎలా చూస్తాడో, భారతదేశంలో ఉన్నతకులస్థుడు ఆదివాసిని అలాగే చూస్తాడని న్యాయమూర్తులకు విన్నవించుకుంది. మనిద్దరం ఒకే బాపతు, మమ్మల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి అన్నదే ఆ అభ్యర్థన సారం. 1923 ఫిబ్రవరిలో కోర్టు కుదరదు పొమ్మంది. సామాన్య అమెరికావాడి కంటికి మీరు తెల్లగా కనబడరు అని తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన మరికొందరు భారతీయులు కూడా ఆ దెబ్బతో దాన్ని పోగొట్టుకున్నారు. సరిగ్గా నూరేళ్లకు, 2023 ఫిబ్రవరిలో, సియాటిల్ నగరపాలక మండలి కులవివక్షను నిషేధిస్తే, మన దేశంలో లేని జాడ్యాన్ని మనకు అంటగడుతున్నారని అక్కడి మనవాళ్లలో చాలామంది నొచ్చుకున్నారు.

భారతీయులకు అలా మూసుకున్న అమెరికా తలుపు తర్వాత ఎవరు తీశారన్నది కూడా మన పెద్దమనిషి వద్ద ప్రస్తావించదగిన విషయం కాదు. 1946లో చట్టాన్ని కాస్త సడలించిన తర్వాత కూడా భారతీయులకు ఏడాదికి దక్కిన వలస వాటా నూరుమంది మాత్రమే. నల్లవారు లాఠీదెబ్బలు తిని, జైళ్లు నింపి, 1964లో పౌరహక్కుల చట్టం సాధించుకున్న ఊపులోనే ఆ మరుసటి ఏడు వలసచట్టం మారింది. కృష్ణా, గుంటూరు జిల్లాల ఇంజనీర్లు, డాక్టర్లు సూట్‌కేసుల్లో గోంగూర పచ్చడి సర్దుకుని విమానం ఎక్కగలిగింది ఆ మార్పు వల్లనే. ఇంతటి మేలు పొందిన కుటుంబం కృతజ్ఞత చూపకుండా ఉంటుందా? డాలస్‌లో ఉన్న కుమారుడు ఇల్లు కొంటున్నానని ఫోన్ చేసిన ప్రతిసారీ తల్లి ఎంతో వాత్సల్యంతో, "నల్లవాళ్లు ఉండే వైపు మాత్రం వద్దు నాన్నా" అని హెచ్చరిస్తుంది. తండ్రి మరింత ఉదారుడు. తెల్లమ్మాయిని చేసుకుంటే బంధువులకు ఏదో ఒకటి చెప్పుకుంటానంటాడు. మూడో అవకాశం గురించి ఆ ఇంట్లో మాట రాదు.

అద్దె ఇంటి వ్యవహారంలో ఈ ఉదారత పరాకాష్ఠకు చేరుతుంది. విజయవాడ, గుంటూరుల మధ్య ఉన్న విశ్వవిద్యాలయాలకు ఆఫ్రికా దేశాల నుండి విద్యార్థులు వస్తున్నారు. వారిలో ఒకరు టు లెట్ బోర్డు చూసి గేటు తడితే, బోర్డు తీయడం మరిచిపోయామని, ఇల్లు నిన్ననే ఇచ్చేశామని పెద్దమనిషి ఎంతో మర్యాదగా చెబుతాడు. బోర్డు మాత్రం మర్నాడూ అక్కడే ఉంటుంది. తెలుగువాడే వస్తే పద్ధతి వేరు. మొదట ఇంటిపేరు అడుగుతాడు. దానితో తేలకపోతే ఊరు, ఆ ఊళ్లో ఎవరి తాలూకు అన్నది, అదీ చాలకపోతే ఇల్లు గుడికి ఏ పక్క ఉంటుందన్నది. ఆపైన శాకాహారులకు మాత్రమే ఇస్తామన్న నియమం జ్ఞాపకం వస్తుంది. లోపల పొయ్యి మీద రొయ్యల ఇగురు ఉడుకుతున్నా ఆ నియమానికి భంగం లేదు. "మాకేం పట్టింపులు లేవండీ, పైఅంతస్తు వాళ్లు ఏమనుకుంటారోనని" అన్న వాక్యం నేను మన వీధుల్లో విన్నంత తరచుగా ఏ సుప్రభాతాన్నీ వినలేదు. పైఅంతస్తు వారిని అడిగితే కిందివారి పేరు చెబుతారు. ఇంతమంది పట్టింపులేనివారు కాపురమున్న భవనంలోకి ఒక దళిత లెక్చరర్ ఎందుకు చేరలేకపోయాడన్నది వాస్తుశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం.

ఊళ్లో ఇందుకు విరుద్ధమైన చెడ్డ ఉదాహరణలు లేకపోలేదు. బెంజ్ సర్కిల్ దగ్గరి నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా సహపంక్తి భోజనాలు పెట్టించడమే కాక, సొంత కుమార్తెను దళిత యువకుడికి ఇచ్చి పెళ్లి చేశాడు. కమిటీ వేయకుండా, సదస్సు జరపకుండా నేరుగా ఇంట్లోనే మొదలుపెట్టడం ఆయన చేసిన తొందరపాటు. ఇప్పుడు అక్కడ ఫ్లైఓవర్ ఉన్నది కనుక ఆ వైపు చూడకుండానే సాగిపోవచ్చు. స్వరాజ్ మైదానంలో 2024 జనవరి నుండి 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబడి ఉన్నది. దాని ముందు సెల్ఫీ దిగడం వల్ల కలిగే సౌకర్యం ఏమిటంటే, తల పూర్తిగా పైకెత్తవలసి రావడం వల్ల మనిషికి తన లోపలికి చూసుకునే పని తప్పుతుంది.

మరి వివక్షకు గురైనవాడి పక్కన నిలబడటం అంటే ఏమిటి? దీనికి కాన్సస్ రాష్ట్రంలో ఒక నమూనా దొరుకుతుంది గాని, అది మన ప్రమాణాలకు సరిపడదు. 2017 ఫిబ్రవరి 22న ఓలేత్ పట్టణంలోని ఒక బార్‌లో, నా దేశం వదిలి పొండని అరుస్తూ ఒక తెల్లవాడు మన హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపాడు. అక్కడే ఉన్న ఇయాన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ల తెల్ల యువకుడు హంతకుడి వెంటపడి, చేతిలోనూ ఛాతీలోనూ తూటా దెబ్బ తిన్నాడు. శ్రీనివాస్ ఇంటిపేరు, ఊరు, తాలూకు తెలుసుకోకుండానే లేచాడు. ఆ రోజుల్లో గ్రిల్లట్‌ను మన పెద్దమనిషి ఎంతగానో మెచ్చుకున్నాడు. తెల్లవాళ్లందరూ అలా ఉండాలన్నాడు.

మన పెద్దమనిషికి తూటాలు ఎదురు కావు. ఆయనకు ఎదురయ్యేది గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో ఒక పెళ్లి భోజనాల బంతి. అక్కడ పక్కన కూర్చున్న బావగారు పులిహోర కలుపుకుంటూ, రిజర్వేషన్ డాక్టరు గురించో, పెళ్లికూతురి రంగు గురించో, తమ వీధిలో తిరిగే ఆఫ్రికా కుర్రాళ్ల గురించో ఒక మాట విసురుతారు, బంతి అంతా నవ్వుతుంది. అప్పుడు చేయవలసిందల్లా "ఆ మాట బాగాలేదు బావా" అనడం. నాలుగు మాటలు. కాని పెద్దమనిషి చిన్నకూతురికి వచ్చిన కాలిఫోర్నియా సంబంధం బావగారి చేతిలో ఉన్నది, ఆ పిల్లవాడు పచ్చగా ఉంటాడని, మనవాడేనని ఆయనే హామీ ఇచ్చారు, పైగా మూఢం వచ్చేలోగా తాంబూలాలు పుచ్చుకోవాలి. పెద్దమనిషి కాసేపు ఆలోచించి, నవ్వినవాళ్లందరి కంటే ఒక క్షణం ఆలస్యంగా తానూ నవ్వి, వడ్డించేవాణ్ణి పిలిచి బావగారి విస్తట్లో ఇంకో రెండు గారెలు వేయించాడు.